పలకరించని కారు

రోడ్డు పక్కన కూర్చున్న ముసలాయన చెయ్యి ఊపాడు. కారులో ఉన్న నాడీన్ ఊపలేదు.

ఆ రోడ్ల మీద ఎదురుపడ్డవాళ్ళు స్టీరింగు మీంచి ఒక వేలైనా లేపి పలకరించుకుంటారు. నాడీన్‌కు ఆ వేలు లేపే ఓపిక కూడా లేదు.

కారు పక్కకు తీసి ఆపింది.

ఎదురుగా రెండు నిలువుల ఎత్తున ఒక చెక్క అరచెయ్యి. రంగు పెచ్చులూడుతోంది. దాని నీడలో మడత కుర్చీ, కుర్చీలో ముసలాయన. చుట్టూ గడ్డి దిబ్బలు.

నాడీన్‌ది రోడ్డు మ్యాపులు వేసే కంపెనీలో ఉద్యోగం. దారి పక్కన ఉండే వింతలను చూసి, ఏది మ్యాపులో ఉంచాలో, ఏది తీసెయ్యాలో చెప్పాలి. పొద్దున్నుంచి ఒక సిమెంటు కుందేలును చూసింది, ముళ్ళతీగ చుట్టి చేసిన బంతిని చూసింది, తాళం వేసిన పాముల మ్యూజియం చూసింది. నెబ్రాస్కా రాష్ట్రంలో ఇది ఆఖరిది.

"ఏమ్మా, చెయ్యి ఊపితే పలకవు?" అన్నాడు ముసలాయన.

"కారు నడుపుతున్నాను కదండీ."

"అందుకే అడుగుతున్నా."

"దీన్ని ఎవరు చేశారు?"

"నేనే. డెల్బర్ట్ అంటారు నన్ను."

"ఎందుకు చేశారు?"

"ఊపడానికి. నా చెయ్యి నొప్పెట్టిన రోజు అది ఊపుతుంది. గాలి ఉండాలంతే."

నాడీన్ నవ్వలేదు. ఫోటో తీసుకుంది.

ఆమె మెడలో వేలాడుతున్న కంపెనీ కార్డు వైపు చూశాడాయన.

"మ్యాపు వాళ్ళా! ఉంచుతావా తల్లీ, దీన్ని?"

"మీరే చెప్పండి పెద్దాయనా. దీన్ని చూడ్డానికి ఎవరొస్తారు?"

"చూడ్డానికి రానక్కర్లా. మ్యాపులో ఉందనుకో, అదెక్కడ, అదెక్కడ అని కళ్ళు విప్పుకుని వస్తారు. ఈ రోడ్డుకి అది చాలు."

పేరు కోసం తాపత్రయం అనుకుంది నాడీన్. వారం నుంచి ఇదే వరస. కుందేలు చేసినవాడికి కుందేలే ప్రపంచం, బంతి చుట్టినవాడికి బంతే.

"ఇవాళ ఎక్కడ బయల్దేరావమ్మా? మధ్యలో ఎక్కడన్నా ఆగావా?"

"మీరేమన్నా పోలీసా?"

"ఫ్లాస్కులో కాఫీ ఉంది. రుచి మాత్రం అడక్కు."

"వద్దండీ. ఇంకా చాలా దూరం వెళ్ళాలి."

కారుకు ఆనుకుని ఆఫీసుకు ఫోన్ చేసింది. ముసలాయనకు వినపడుతుందని తెలుసు. గొంతు తగ్గించే ఓపిక లేదు.

"ఆ చెయ్యి తీసెయ్యండి. చెక్క ముక్క, ముసలాయన, అంతే. ఇక అన్నీ అయిపోయాయి."

కారు కదులుతుంటే డెల్బర్ట్ మళ్ళీ చెయ్యి ఊపాడు. నాడీన్ ముందుకే చూసింది. అద్దంలో ఆయన జేబులోంచి ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకోవడం కనిపించింది.

ఎవరికో నన్ను తిడుతున్నాడు అనుకుంది.

రోడ్డు తిన్నగా ఉంది. ఎండ ఎదురుగా ఉంది.

చక్రాల కింద కంకర చప్పుడైంది. నాడీన్ కళ్ళు తెరిచింది. మలుపు. మలుపు పక్కన తెల్ల సిలువ. స్టీరింగు లాగి తిప్పింది. కారు సిలువను దాటి రోడ్డెక్కింది.

కొంచెం దూరం పోయింది. రోడ్డు మధ్యలో ఒకావిడ ఏప్రన్ విప్పి ఊపుతూ నిలబడి ఉంది. వెనక చిన్న కాఫీ హోటలు.

నాడీన్ బ్రేకు వేసింది.

"బూడిదరంగు కారు, కళ్ళజోడు, ముక్కు మీద కోపం. నువ్వే కదూ?" అందావిడ. "నా పేరు వర్నా. ఈ హోటలు నాదే. లోపలికి రా."

"నేను వస్తానని మీకెవరు చెప్పారు?"

"డెల్బర్ట్. పలకరించని కారు పోతే నాకు ఫోన్ చేస్తాడు. చెయ్యి ఊపనివాళ్ళు రెండు రకాలట, పొగరుబోతులూ నిద్రలో ఉన్నవాళ్ళూ. నువ్వు రెండూనట. పొగరుకు నా దగ్గర మందు లేదు గానీ, నిద్రకు కాఫీ ఉంది."

నాడీన్ లోపలికి వెళ్ళింది. వర్నా మాంసం, చిక్కుళ్ళు ఉడికించిన చిల్లీ గిన్నె, పక్కన దాల్చినచెక్క వేసిన తియ్యటి రోల్ పెట్టింది. నాడీన్ సగం తిని బల్ల మీద తల వాల్చింది. ఎవరూ లేపలేదు.

లేచేసరికి కిటికీలోంచి ఎండ నేల మీదకు దిగింది. ఆఫీసుకు ఫోన్ చేసింది.

"ఆ చెయ్యి ఉంచండి. పొరపాటైంది."

"నీ ఫోన్ కోసమే ఆగాం నాడీన్. నువ్వు పెట్టెయ్యగానే మ్యాపు ప్రెస్సుకు పంపేశాం."

"మళ్ళీ వేసేటప్పుడన్నా..."

"మళ్ళీనా? మ్యాపులు ఎవరు కొంటున్నారు ఇప్పుడు? ఇదే ఆఖరిదని చెప్పాగా."

ఫోన్ బల్ల మీద పెట్టేసింది. గోడ మీద ఒక ఫోటో ఉంది. గడ్డి టోపీ పెట్టుకున్న మనిషి.

"మా ఆయన హార్లన్," అంది వర్నా. "మలుపులో సిలువ చూసే ఉంటావు, అది ఆయన పోయిన చోటు. పశువుల లారీవాడు నిద్రపోయి ఇటు వచ్చేశాడు."

"డెల్బర్ట్ గారు మీ ఆయనకు స్నేహితుడా?"

గోడకున్న ఫోన్ మోగింది. వర్నా తీసింది.

"చెప్పు. ఏ రంగు? ఎర్ర పికప్పా? సరే, నువ్వు కాస్త నీళ్ళు తాగు, పొద్దున్నుంచి ఎండలో ఉన్నావు."

కొక్కేనికున్న ఏప్రన్ అందుకుంది. తలుపు దగ్గర ఆగింది.

"హార్లన్ ఎవరో కూడా అతనికి తెలీదమ్మా అప్పటికి," అంది. "ఆ లారీ తోలింది డెల్బర్టే."