పందికొక్కు విత్తనాల వ్యాపారం

గట్టు కింద గండుచీమలు దాచుకున్న కొర్రలన్నీ ఒక పందికొక్కు తవ్వి ఎత్తుకుపోయింది.

"ఇకమీదట విత్తనాల వ్యాపారం నాది. పంటలో సగం ఇస్తేనే మీకు గింజలు," అంది.

"ముందు నువ్వు విత్తి చూపించు," అంది ముసలి చీమ.

తొలకరి పడగానే పందికొక్కు విత్తింది. ఒక్క గింజా మొలవలేదు. "నాకు పుచ్చు గింజలు పెట్టారా?" అని చీమల మీద మండిపడింది.

"పుచ్చువి కాదు, తిండిగింజలు. పుట్టలో చెమ్మకు మొలకెత్తకుండా ప్రతి గింజకీ ముక్కు కొరికి దాచుకుంటాం. నీ తాత పుట్టకముందే మాకు సేద్యం వచ్చు," అంది ముసలి చీమ.

"మరి విత్తనాలెక్కడ?"

"వానకు ముందే పొడి దుక్కిలో విత్తేశాం. అదిగో, చేనంతా మొలిచింది. మొక్క మొక్కకీ ఒక చీమ కాపలా ఉంది. దమ్ముంటే మూతి పెట్టు."