సున్నం రాలిన గోడ

బస్సు ఉదయగిరి దాటిందో లేదో, అశ్విత మళ్లీ గోక్కోవడం మొదలుపెట్టింది.

మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ చుట్టూ. మూడేళ్ల పిల్ల. గోళ్ల సందుల్లో నెత్తురు.

"వద్దు బంగారూ, గోక్కోబాక," అంటూ నవ్యశ్రీ సంచిలోంచి చిన్న డబ్బీ తీసింది.

దాని మీద పేరూ ఊరూ లేవు. సీతారామపురంలో పక్కింటి వెంకమ్మ ఇచ్చిన ఆకుపచ్చ మందు. మొదట్లో పూసిన గంటకే దురద పోయేది. ఈ మధ్య పోవడం లేదు. నిన్నటి నుంచి జ్వరం కూడా. అందుకే ఆత్మకూరులో చర్మం డాక్టరుకు చూపిద్దామని బయల్దేరింది.

మందు వేలికి తీసుకుని తలెత్తింది.

అవతలి సీట్లో ఒక ముసలాయన పాపనే చూస్తున్నాడు. మాసిన గడ్డం. ఒళ్లో ఖాళీ గోనెసంచి.

నవ్యశ్రీ చటుక్కున పాప చెయ్యి పట్టుకుంది.

చెన్నైలో పనిచేసే భర్త భరత్ పొద్దున్నే ఏదో వీడియో పంపి, ఫోన్ కూడా చేశాడు. "పిల్లల్ని ఎత్తకపోయేవాళ్లు తిరగతా ఉండారంట. ముసిలోళ్ల మాదిరి వస్తారంట. పాప చెయ్యి వదలబాక."

"ఎన్నాళ్ల నుంచి పూస్తా ఉండావు తల్లీ?" అని అడిగాడు ముసలాయన.

ఆమె కిటికీ వైపు తిరిగింది.

"పాప మొహం ఉబ్బినట్టుండాది. జొరం గూడా వస్తా ఉండాదా?"

ఇతనికెట్లా తెలుసు?

డబ్బీ చేతిలో ఉండగానే పిల్లను ఎత్తుకుని గబగబా ముందుకు వెళ్లి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. నిమిషం తర్వాత పక్కన కడ్డీ పట్టుకుని ఎవరో నిలబడ్డారు.

అతనే.

"ఏ ఊరమ్మా మీది? ఒక్కదానివే వచ్చినావా?"

నవ్యశ్రీ మొహం తిప్పుకుంది. చీరకొంగు పాప మీద కప్పింది. కిటికీ బయట ఎండిన మెట్ట చేలు తప్ప మనిషి లేడు.

అతను వంగి గొంతు తగ్గించాడు.

"నా మాట విను. ఇట్టాంటి బిడ్డల తోలులో కొవ్వు తక్కువ. సున్నం రాలిన గోడ మాదిరి. ఇటుకలుంటాయి, మధ్యలో పట్టు ఉండదు. ఆ గోడని ఇంకా కొరికేస్తా ఉండావు నువ్వు."

ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అతని కళ్లలో నీళ్లు మాత్రం కనిపించాయి. అవి ఇంకా భయపెట్టాయి.

"దూరం పో," అంది.

"పోతా. అది నాది తల్లీ. నాకిచ్చెయ్."

అంటూనే ఆమె ఒళ్లోకి చెయ్యి చాచాడు.

అశ్విత కెవ్వుమంది. నవ్యశ్రీ అంతకంటే గట్టిగా అరిచింది.

"పిల్లని లాక్కుంటా ఉండాడు! నా పిల్లని లాక్కుంటా ఉండాడు!"

బస్సు కీచుమని ఆగింది. వెనక సీట్ల నుంచి పదిమంది పరిగెత్తుకొచ్చారు.

"ఏందిరా నీది? పిల్ల నీదా?"

"పిల్ల కాదయ్యా, ఆ డబ్..."

మాట పూర్తయ్యేలోగా చెంప మీద దెబ్బ పడింది. తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. చొక్కా పట్టి కిందికి ఈడ్చారు. మెట్టుకు తల తగిలిన చప్పుడు నవ్యశ్రీకి వినిపించింది. కళ్లు గట్టిగా మూసుకుంది.

తెరిచేసరికి అతను రోడ్డు పక్క కంకర మీద కదలకుండా పడున్నాడు. కండక్టరు అంబులెన్సుకు ఫోన్ చేస్తున్నాడు.

"బిడ్డ భద్రమే కదమ్మా," అంది పక్క సీటావిడ. నవ్యశ్రీ తలూపింది. పాపను దించకుండా ఆత్మకూరు దాకా అట్లాగే పట్టుకుని కూర్చుంది.

ఆత్మకూరులో చర్మం డాక్టరు మహాలక్ష్మి పాప గౌను పైకెత్తి చూసింది. సిగరెట్ కాగితంలా పలచబడిన చర్మం. మడతల్లో చీము.

"ఏం పూస్తా ఉండావు?"

నవ్యశ్రీ డబ్బీ ఇచ్చింది. డాక్టరు మూత తీసి వాసన చూసింది. ఇలాంటి డబ్బీలు ఆమెకు కొత్త కాదు. ముఖం మారిపోయింది.

"ఆకు పసరు కాదమ్మా ఇది. ఇందులో ఘాటైన స్టెరాయిడ్ కలిపినారు. ముందు దురద తగ్గిస్తాది, తర్వాత తోలునే తినేస్తాది. ఇంకో వారం ఆగుంటే చీము నెత్తురులోకి పాకేది."

నవ్యశ్రీ పాపను హత్తుకుంది.

"భయపడబాక, టయానికే వచ్చినావు. చీముకు మందిస్తాను. రోజూ నీళ్లు పోసి, తడి ఆరకముందే ఈ క్రీము దట్టంగా పూయాల. ఇట్టాంటి బిడ్డల చర్మంలో ఉండాల్సిన కొవ్వు ఉండదు. దాన్ని మనం పైనుంచి..."

"సున్నం రాలిన గోడ మాదిరా మేడం?"

రాస్తున్న పెన్ను ఆగింది.

"ఆ మాట నీకెవరు చెప్పినారు?"

"బస్సులో... ఒక ముసలాయన."

"గడ్డం? చేతిలో గోనెసంచి?"

నవ్యశ్రీ తలూపింది. జరిగింది చెప్పాలనుకుంది. ఏడుపొచ్చేసింది. జనం ఆయన్ని కొట్టారన్న సంగతి మాత్రం డాక్టరుకు అర్థమైంది.

డాక్టరు ఫోన్ తీసి ఆ ముసలాయన నంబరు నొక్కింది. అవతల ఎవరో కొత్త గొంతు. విన్నది. ఫోన్ బల్ల మీద పెట్టింది.

"అంబులెన్సులోనే పోయినాడంట."

డాక్టరు మూలుగుతున్న పాప తల నిమిరింది.

"రెండేళ్లుగా బస్సుల్లో, సంతల్లో తిరగతా ఉండాడు. ఇట్టాంటి బిడ్డ కనిపిస్తే డబ్బీ లాక్కొని, తల్లిని నా దగ్గరికి పంపేవాడు."

"ఎవరు మేడం ఆయన?" అంది నవ్యశ్రీ, వినడానికే భయపడుతూ.

"హుసేనయ్య అని, ఒకప్పుడు ఈ మందు చేసి ఊరూరా అమ్మింది ఆయనే, దీనివల్ల ముందుగా పోయింది ఆయన మనవరాలు."