బెంచీ ఆ చివర

లెస్టర్ నొవాట్నీ మెడ మీద చెమట తుడుచుకుంటూ వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు.

వెంటనే అక్కడున్న ముగ్గురూ లేచి ఇవతలికి జరిగారు.

కోపంతో కాదు. 1956 ఆగస్టు, ఒహాయోలో ఓ ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్ళో బేస్‌బాల్ ఆట. ఆరు ఇన్నింగ్స్ అయిపోయాయి. లెస్టర్ వేసిన బంతుల్లో అవతలి జట్టుకు ఒక్క హిట్ కూడా దక్కలేదు; బంతిని కొట్టి బేసు మీదికి చేరినవాడే లేడు. తొమ్మిదీ ఇలాగే ముగిస్తే బంతి వేసే పిచర్ జన్మ ధన్యమైనట్టే. అలాంటి రోజున అతని పక్కన ఎవరూ కూర్చోరు, పలకరించరు, అసలా మాటే ఎత్తరు. ఎత్తితే దిష్టి తగులుతుందని భయం.

పైగా లెస్టర్‌కు ముప్ఫై నాలుగేళ్ళు. శనివారం జట్టులోంచి తీసేస్తామని మొన్ననే చెప్పేశారు. ఈ ఆట ఇలా ముగిస్తే మాత్రం అతని జోలికొచ్చే ధైర్యం ఎవరికీ ఉండదు.

అదేమీ పట్టనట్టు, ఆ రోజే నీళ్ళందించే పనిలో చేరిన ముసలాయన ఓర్విల్ గ్లాసు పట్టుకొచ్చి లెస్టర్ పక్కనే చతికిలబడ్డాడు.

“అబ్బాయ్, ఈ ఏడు మా పెరట్లో టమోటాలన్నీ ఉడతల పాలయ్యాయి. మీ ఇంటి దగ్గర ఉడతలున్నాయా?”

బెంచీ మీదున్న వాళ్ళంతా కొయ్యబారిపోయారు.

లెస్టర్ అతన్ని ఎగాదిగా చూశాడు. “ఉడతలు లేవు. మా అత్తగారుంది.”

“అయితే ఇంకేం, ఉడతలు రమ్మన్నా రావు.”

లెస్టర్ పకపకా నవ్వాడు. ఆ నవ్వుతోనే వెళ్ళి ఏడో ఇన్నింగ్స్‌లో అవతలి జట్టులో ముగ్గురినీ వరసగా అవుట్ చేసి వచ్చాడు.

ఓర్విల్ మళ్ళీ పక్కన చేరబోయాడు. మేనేజర్ హానిగన్ చెయ్యి పట్టి లాగేశాడు.

“నీకేమైనా మతిపోయిందా ముసలాయనా? వాడి నోట్లో మట్టి కొడతావా?”

“ఒంటరిగా వదిలేస్తే ఈ బరువు మొయ్యలేడండీ.”

“నీ సలహా ఎవడడిగాడు? నడువు బయటికి.”

ఓర్విల్ గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు.

“పీడ విరగడైంది,” అన్నాడు లెస్టర్ బంతుల్ని అందుకునే క్యాచర్ రూడీ.

ఎనిమిదో ఇన్నింగ్స్ ఎలాగో గట్టెక్కింది. లెస్టర్ వచ్చి కూర్చున్నాడు. పక్కన బెంచీ అంతా ఖాళీ. ఎవరి వైపు చూసినా మొహం తిప్పేసుకుంటున్నారు. అతనికి చచ్చేంత భయం వేసింది.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యారు. కానీ గురి తప్పిన బంతుల పుణ్యమా అని మరో ఇద్దరు కొట్టకుండానే బేసులెక్కారు. ఇంకొక్కడు అవుటైతే చాలు. లెస్టర్ వేళ్ళు బంతి మీద నిలవడం లేదు.

రూడీ ఆట ఆపించి అతని దగ్గరికి నడిచాడు. ముసలాయన గుర్తొచ్చాడు.

“నా కారు మళ్ళీ మొరాయించింది. ఇవాళ నన్ను ఇంటి దగ్గర దింపుతావా?”

“ఒరేయ్, ఇప్పుడా అడిగేది?”

“తర్వాత పెద్దమనిషివైపోతావు. నన్నెక్కడ పట్టించుకుంటావు?”

లెస్టర్‌కు నవ్వాగలేదు.

మూడు బంతులు వేశాడు. మూడూ బ్యాట్‌కు అందలేదు. ఆఖరివాడూ అవుట్.

జనం కంచె దూకి వచ్చి లెస్టర్‌ను భుజాలకెత్తుకున్నారు. కిందికి దించగానే హానిగన్ కౌగిలించుకుని, “శనివారం సంగతి మర్చిపో,” అన్నాడు.

“ఆ ముసలాయనేడి?” అన్నాడు లెస్టర్.

“బస్సెక్కి వెళ్ళిపోయాడు,” అన్నాడు గేటు దగ్గర టికెట్లు చింపే గస్. తనూ ఒకప్పుడు ఈ జట్టులో ఆడినవాడే.

హానిగన్ తల దించుకున్నాడు. “రేపు నేనే వెళ్ళి తీసుకొస్తాను. ఇంతకీ ఎవరాయన?”

“ముప్ఫై ఏళ్ళ కిందట ఇదే మైదానంలో ఎనిమిది ఇన్నింగ్స్ దాకా ఒక్క హిట్టూ ఇవ్వకుండా లాక్కొచ్చి, మేమంతా దిష్టికి భయపడి దూరంగా కూర్చుంటే తొమ్మిదోదాంట్లో చెయ్యి వణికి ఆట చేజార్చుకుని, జన్మలో మళ్ళీ బంతి ముట్టుకోని పిచర్,” అన్నాడు గస్.