జాకీ మీది దొర

"ఇంకా లేపురా," కారులో కూసొనే కసిరిండు దొర. గట్టు బాటలో టైరు పగిలింది. వెట్టోళ్ల ముందర దొర నేల మీద కాలు పెట్టడు. ఆయనతోపాటే బండిని లేపాలె.

జాకీ తిప్పుతున్న వెట్టి ఇస్రాయేలు ఆగిండు.

"జర దిగుండ్రి దొరా. బరువంతా ఒక్కదిక్కే పడి జాకీ మర వంగుతున్నది."

"విలాయతి ఇనుమురా అది. నీ నడుమనుకున్నవా, వంగనీకి? కిందికి దూరి రాయి పెట్టు."

ఇస్రాయేలు చెయ్యి తీసి వెనక్కి జరిగిండు.

"నేను దూర. గంత గట్టి ఇనుమైతే మీరే కూసోండ్రి."

జాకీ కిర్రుమన్నది. బండి జానెడు ఒరిగింది. తలుపు తెరుచుకొని దొర కాళ్లు కాలే ఇసుకల పడ్డయి. అవి నేల తాకంగ ఇస్రాయేలు మొదటిసారి చూసిండు.

"ఇప్పుడన్న దూరుతవా?" దొర గొంతు తగ్గింది.

ఇస్రాయేలు నడుము నిటారుగ నిలబెట్టిండు.

"ఇంకో జాకీ తెప్పియ్యిండ్రి దొరా. ఒకసారి వంగినంక ఇది మల్ల మొయ్యదు."