ఫోను పాస్టరు

"ఫోన్‌లోనా? ఫోన్‌లో పాస్టరు అయిపోతారా ఎవరైనా?"

మార్బులాయనకి నవ్వొచ్చింది. నవ్వు వెనకే దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా ఆగి, మంచం పక్కన నిలబడ్డ మనిషి నెమ్మదిగా చెప్పాడు.

"అవుతారండీ. పేరు కొట్టాలి, విశ్వసిస్తున్నానని ఒక గడి నొక్కాలి. టీ చల్లారేలోగా సర్టిఫికెట్ వచ్చేస్తుంది."

"ఎప్పుడయ్యారేమిటి?"

"మీరు ఈ ఆస్పత్రిలో చేరిన వారమేనండీ."

సగం ఊరికి నేల రాళ్లు అమ్మి మార్బులాయన అనిపించుకున్న మనిషికి సరుకు చూడగానే తెలిసిపోతుంది. ఇది రెండో రకం సరుకు. గోళ్ల సందుల్లో పెయింటు. కార్లకి సొట్టలు తీసి రంగులేసే షెడ్డట. మామూలు రోజుల్లో అయితే గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు.

కానీ ఇప్పుడు గతిలేదు. డాక్టరు చేతులెత్తేశాడు. ఈ గదిలోకి ఇంటివాళ్లనీ, పాస్టర్లనీ తప్ప ఎవర్నీ రానివ్వరు. సొంత చర్చికి పాస్టరున్నాడు గానీ, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున చెబితే సాయంత్రానికి పెళ్లాం చెవిన పడుతుంది. మార్బులాయన కడుపులో ఉన్నది ఇన్నేళ్లూ పెళ్లానికే చెప్పనిది. పోయేలోగా అది ఎవరో ఒక దైవసేవకుడి ముందు కక్కేయాలి. 'క్షమాపణ దొరికింది' అన్న ఒక్క మాట వినాలి. వినకుండా పోతే నరకమే. ఆ భయంతో కన్ను మూతపడటం లేదు.

అందుకే కింద హాల్లో కొత్త పాస్టరెవరో కూర్చున్నాడని నర్సు చెప్పగానే పిలిపించాడు. పక్క గదివాళ్లు రమ్మంటే ఖాళీ లేదన్నాడట. నా కోసమే దేవుడు ఆపి ఉంచాడు కాబోలు అనుకున్నాడు మార్బులాయన.

"సర్లెండి ఫాదర్, కూర్చోండి."

"ఫాదర్ కాదు తాతగారూ, పాస్టర్ గారు," సెలైన్ సీసా మారుస్తూ నర్సు దిద్దింది.

"ఏదో ఒకటిలేమ్మా. నేను చదివిన బళ్లో అందరూ ఫాదర్లే. నోటికి అదే అలవాటు."

"అలాగే పిలవనివ్వండి సిస్టర్. ఆ పిలుపు బాగుంది," అన్నాడు పాస్టరు.

రోజూ వచ్చాడు. దిండు సర్దాడు. తడిగుడ్డతో పెదాలు తుడిచాడు. 'అండీ' అనకుండా ఒక్క మాట మాట్లాడలేదు. సొంత బావమరిది గుమ్మంలోంచే పలకరించి జారుకుంటే, ఈయన మాత్రం పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ప్రార్థన ఒక్కటే సరిగ్గా వచ్చేది కాదు. మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయేవాడు. పాపం, కొత్త కదా అనుకున్నాడు మార్బులాయన.

"మీ పనిలో ఏ రంగు కష్టం ఫాదర్?" అని ఒకరోజు ఊసుపోక అడిగాడు.

"వెండి రంగండీ. ఎంత బాగా కలిపినా అతుకు తెలిసిపోతుంది. ఒకసారి ఒక బానెట్‌కి వేశాను. ఆ కారు ఇప్పటికీ రోడ్డు మీద పోతుంటే నా కళ్లు దాని వెనకే పోతాయి."

"పనంటే అంత ప్రాణమా! మాదీ వెండి రంగు కారే."

"అవునాండీ," అన్నాడు పాస్టరు.

ఊపిరి అందడం మరీ కష్టమైన మధ్యాహ్నం, పెళ్లాం భోజనానికి కిందికి వెళ్లగానే మార్బులాయన ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"చెబితే క్షమాపణ ఖాయమేనా ఫాదర్? ముందు మాటివ్వండి."

పుట్టుకతో వచ్చిన బుద్ధి కదా, చావు ముందు కూడా బేరమే.

"ముందు మీరు చెప్పాలండీ. ఏదీ దాచకూడదు."

చెప్పాడు. "వాన పడుతోందండీ. చీకటి పడుతోంది. వంతెన దిగుతున్నాను. నేనేమో ఫోన్‌లో రాళ్ల రేటు మాట్లాడుతున్నాను. స్కూలు పిల్ల, సైకిల్ మీద. తగిలేసింది."

"తర్వాతండీ?"

"దిగాను. దిగకుండా పోలేదు ఫాదర్, అది రాసుకోండి. పిల్ల బతికే ఉంది. ఆస్పత్రి ఆ పక్క సందులోనే. ఎత్తుకెళ్తే బతికేది. కొత్త కారు, సీట్లు పాడవుతాయి... కేసవుతుంది..." వెక్కాడు. "వదిలేసి వచ్చేశాను. గోడకి కొట్టానని బావమరిదికి చెప్పి, కారు అప్పటికప్పుడే షెడ్డుకి పంపించేశాను."

పాస్టరు చెయ్యి కదల్లేదు.

"అయిపోయిందాండీ?"

"ఒక్కటుంది. ఇన్నేళ్లూ అదే పట్టుకుని బతికాను ఫాదర్. నేను కారెక్కుతుంటే ఆ పిల్ల 'నాన్నా' అంది. ముక్కూ మొహం తెలియని నన్ను, తనని గుద్దినవాణ్ణి, నాన్నా అని పిలిచింది! అంత ప్రేమగా పిలిచిందంటే నన్ను అప్పుడే క్షమించేసినట్టే కదా? చెప్పండి ఫాదర్, క్షమించేసినట్టే కదా?"

పాస్టరు తడిగుడ్డతో ఆయన పెదాలు తుడిచాడు. చెయ్యి విడిపించుకున్నాడు. లేచి కుర్చీ వెనక్కి జరిపి, చెవి దగ్గరికి వంగాడు.

ఎదురుచూసిన మాట వస్తోందని మార్బులాయన హాయిగా కళ్లు మూసుకున్నాడు.

"అది పిలిచింది నిన్ను కాదురా, నన్ను."