నాన్న విలాయతీ తుపాకీ

"పెద్దవాణ్ణి. తుపాకీ నాది," అన్నాడు మీర్‌బాజ్.

"వేటకి నాన్న వెంట తిరిగింది నేను," తోర్యాల్ రెండో చివర వదల్లేదు.

తండ్రి పోయాక నా కొడుకులు రేపు వేరు పడుతున్నారు. ఈ పంతంతో విడిపోతే మళ్ళీ మాట్లాడుకోరని నా భయం. అందుకే దర్రా బజారులో తుపాకులు చేసే మా తమ్ముడు జర్‌బత్‌ను పిలిపించాను.

"అచ్చం ఇలాంటి జంట గొట్టాలది ఇంకొకటి చెయ్యరా."

"మామయ్య నకలు నాకొద్దమ్మా. నాలుగు తూటాలకే పగిలిపోతుంది," అన్నాడు మీర్‌బాజ్.

"నాకూ వద్దు," అన్నాడు తోర్యాల్.

ఇద్దరూ పట్టుకునే ఉన్న తుపాకీ మడత విప్పి, జర్‌బత్ గొట్టం కింద చిన్న నెలవంకను చూపించాడు.

"ఇది నా ఆకురాయి గుర్తు. విలాయతీది మీ నాన్న ఏట్లో పోగొట్టుకున్నాడు. పరువు పోతుందని నాతో ఇది చేయించాడు. మీరిద్దరూ పుట్టినప్పుడు పేల్చింది దీన్నే. ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా మొరాయించిందట్రా?"

ఇద్దరూ ఒకేసారి చేతులు తీసేశారు.

"పెద్దవాడివి, నువ్వే ఉంచుకో అన్నా," అన్నాడు తోర్యాల్.

"వద్దు తమ్ముడూ, నాన్న వెంట తిరిగినవాడివి. నీకే న్యాయం."

అన్నా, తమ్ముడూ అన్న పిలుపులు విని ఎన్నాళ్ళయిందో! నా గుండె కుదుటపడింది.

జర్‌బత్ మాత్రం ఎవరూ తీసుకోని ఆ తుపాకీ వైపు ఓసారి చూసి, నేను పోసిన కహ్వా టీ ముట్టకుండానే వెళ్ళిపోయాడు.