దేవుడికి ఆకలేస్తుందా?

“ఒక్క కన్నీటి చుక్క రాలిస్తే మీ సొమ్మేం పోతుంది?” అంది లిసిల్లా, భర్త భుజం మీద వస్త్రం సర్దుతూ.

“రాకపోతే ఏం చెయ్యను?”

“ఈ ఉల్లిపాయ పెట్టుకోండి. న్యాయసభలో అందరూ ఏడుస్తారు. పెళ్ళాంబిడ్డల్ని వెంటేసుకెళ్ళి మరీ ఏడుస్తారు. మీకేనా అంత నామోషీ?”

ఫెరెక్లెస్ నవ్వి ఉల్లిపాయను వస్త్రం మడతలో దోపుకున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ ఆయన మీద మోపిన నేరం దైవదూషణ. దేవుళ్ళకు మనం బలిచ్చే మాంసం అక్కర్లేదని, ఆకలేసేవాడు దేవుడే కాడని ఆయన ఇరవై ఏళ్ళుగా ఏథెన్స్ సంతలో కూర్చుని చెబుతున్నాడు. నేరం రుజువైతే విషం తాగాలి.

“ఆ త్రాసోన్ నేరం మోపితే అర్థముండేది,” అంది లిసిల్లా. “ఉత్సవాల్లో బలికి ఎద్దులమ్ముకునేవాడు. మీ మాటలు వాడి పొట్ట కొడుతున్నాయి. ఇరవైమంది సాక్షుల్ని పోగేస్తున్నాడని ఊరంతా చెప్పుకున్నారు. వాడికంటే ముందు పరిగెత్తి నేరం మోపింది ఎవరు? మీ ప్రియశిష్యుడు ఆర్కిప్పోస్! పదేళ్ళప్పుడు వచ్చి మన గుమ్మంలో కూర్చున్నవాడు. నా చేతి బార్లీ రొట్టెలు తిని పెరిగినవాడు.”

“ఊరుకో, లిసిల్లా.”

“ఊరుకోను. తండ్రి ఇచ్చిన ఆలివ్ తోట పోయిన నెల అమ్మేశాడట. మీ చావుకి ఊరందరికీ విందు పెడతాడేమో!”

ఫెరెక్లెస్ వంగి చెప్పులు తొడుక్కున్నాడు. విషం సంగతి ఆయనకంత బెంగ లేదు. తను చేసిన ఏ తప్పుకి ఆర్కిప్పోస్ ఇలా మారిపోయాడో తెలియకుండానే పోవాలేమో అన్నదే ఆయన్ని నెలరోజులుగా తినేస్తోంది.

ఎండెక్కేసరికి న్యాయసభలో ఐదువందల ఒక్కమంది తీర్పరులూ బల్లల మీద సర్దుకున్నారు. కటకటాల అవతల జనం. వాళ్ళలో అందరికంటే ముందు త్రాసోన్, నోటి దగ్గర కూడు లాగేసుకున్నట్టు ముఖం పెట్టుకుని నిలబడ్డాడు.

ఆర్కిప్పోస్ అందరికంటే చివర్న వచ్చాడు. ఒక తోలుసంచిని రెండు చేతులా మోసుకొచ్చి కాళ్ళ దగ్గర దించాడు. గురువు వైపు చూడలేదు.

తను అన్న మాటలన్నీ పలకల మీద రాసి తెచ్చాడు కాబోలు అనుకున్నాడు ఫెరెక్లెస్. నా నేరాలు ఇంత బరువా నాయనా?

నీటి గడియారం బిరడా తీశారు. పై కుండలోంచి కింది కుండలోకి నీళ్ళు సన్నగా పడుతున్నాయి. అవి అయిపోయేవరకే మాట్లాడాలి.

ఆర్కిప్పోస్ లేచాడు. అతను సంతలో మాట్లాడుతుంటే చేపలమ్మేవాళ్ళు బేరాలాపి వినేవాళ్ళు. ఇవాళ నేల చూస్తూ గొణిగాడు.

“ఈయన... దేవుళ్ళ గురించి ఏదో అన్నారు.”

“ఏమన్నాడు?” వెనక బల్ల మీంచి ఒక ముసలి తీర్పరి అరిచాడు.

“సరిగ్గా గుర్తు లేదు.”

సభ గొల్లుమంది.

“సాక్షులేరయ్యా?”

“ఎవరూ రాలేదు.”

“గొంతు పెంచు! పొద్దున రొట్టె తినలేదా ఏం?”

కుండలో సగం నీళ్ళుండగానే ఆర్కిప్పోస్ కూర్చున్నాడు. “చేతకానివాడివి నాకంటే ముందెందుకొచ్చావురా!” అని త్రాసోన్ కటకటాలు పట్టుకుని కేకేశాడు.

సిగ్గు ఆర్కిప్పోస్ నోరు కట్టేసింది పాపం అనుకున్నాడు ఫెరెక్లెస్. ఆ మెత్తదనం వాడిలో ఇంకా మిగిలి ఉన్నందుకు ఆయన ప్రాణం కాస్త కుదుటపడింది.

ఆయన వంతు వచ్చింది.

“పెద్దలారా, ఇరవై ఏళ్ళ కిందట బలిపీఠం దగ్గర ఒక పిల్లవాడు నన్నడిగాడు, ‘అయ్యా, దేవుడికి ఆకలేస్తుందా?’ అని. వేస్తుందని చెప్పి పంపెయ్యొచ్చు. వాడి కళ్ళు చూశాక అబద్ధం నోట్లోంచి రాలేదు. ఆకలేస్తే ఆయనా మనలాంటివాడే, ఎవరైనా పెట్టేదాకా దిక్కులు చూస్తూ కూర్చోవాలి. నేను నమ్మే దేవుడు అంత పేదవాడు కాడు. బలిచ్చిన మాంసం తినేది మనమే. ఆ రోజు లేనివాడి నోటికీ ఒక ముక్క అందుతుంది, మంచిదే. నేను బలులు మానెయ్యమనలేదు. దేవుడికి అన్నం పెట్టామని విర్రవీగొద్దన్నాను. ఇది దూషణైతే శిక్షించండి. వదిలేస్తే రేపు కూడా ఇదే చెబుతాను.”

“ఎవడా పిల్లవాడు?” మళ్ళీ ఆ ముసలాయనే.

ఆర్కిప్పోస్ తలెత్తాడు. పొద్దుట్నుంచీ మొదటిసారి గురుశిష్యుల చూపులు కలిశాయి.

“పేరెందుకండీ?” అన్నాడు ఫెరెక్లెస్. “ప్రశ్న అడగడం తప్పు కాదు. జవాబు నాది.”

ఆర్కిప్పోస్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

తీర్పరులు వరసగా వెళ్ళి కంచు బిళ్ళలు కడవల్లో వేశారు. లెక్క తేలాక చాటింపువాడు అరిచాడు: “నేరస్తుడన్నవాళ్ళు అరవై ఇద్దరు. కాదన్నవాళ్ళు నాలుగువందల ముప్ఫై తొమ్మిది మంది.”

త్రాసోన్ జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. “ఇదేం విచారణ? నా దగ్గర ఇరవైమంది సాక్షులున్నారు. రేపే నేను నేరం మోపుతాను!”

సభాధికారి తల అడ్డంగా ఊపాడు. “ఒకే నేరానికి ఒక మనిషిని రెండోసారి నిలబెట్టకూడదు, త్రాసోన్. చట్టం అది. ఇక ఆయన జోలికి ఎవరూ పోలేరు.”

తర్వాత ఆర్కిప్పోస్ వైపు తిరిగాడు. “నీకు ఐదో వంతు ఓట్లు కూడా పడలేదు. ఇక జన్మలో ఎవరి మీదా ఇలాంటి నేరం మోపే హక్కు నీకు లేదు. వెయ్యి ద్రాక్మాల జరిమానా కట్టాలి. ఎన్నాళ్ళు గడువు కావాలి?”

“గడువు అక్కర్లేదండీ.”

గొంతు సభ చివరిదాకా ఖంగుమంది. అది చేపల బేరాలాపిన గొంతే.

ఆర్కిప్పోస్ వంగి, కాళ్ళ దగ్గరున్న సంచిని రెండు చేతులా ఎత్తి అధికారి ముందు పెట్టాడు. లోపల వెండి గలగలమంది. ఫెరెక్లెస్‌కు ఉల్లిపాయ అవసరం పడలేదు.

ఆలివ్ తోట మొత్తం అందులోనే ఉంది.